రియాక్టరుకు ఏ స్టీలు? అడగాల్సింది దాని పక్కన నిలబడేవాళ్లే

కెమికల్ ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగిన మర్నాడు పేపరు తీస్తే వార్త ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది. ‘రియాక్టర్ పేలి కార్మికుల మృతి’ అని పైన పెద్దక్షరాలు. కింద నాలుగు ముక్కలు: ప్రెషర్ పెరిగింది, ఆపరేటర్ గమనించలేదు, మంత్రిగారు దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. రియాక్టరేదో ఎండలో పెట్టిన సోడా సీసాలాగా దానంతట అదే పేలిపోయినట్టు! అది ఏ లోహంతో చేశారు? అందులో ఏం పోశారు? ఆ లోహం ఆ ద్రవాన్ని తట్టుకుంటుందని సంతకం పెట్టిందెవరు? గోడ మందం చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఈ ప్రశ్నలు ఆ వార్తలో ఉండవు. పది రోజుల తర్వాత వచ్చే వార్తలోనూ ఉండవు. పది రోజుల తర్వాత అసలు వార్తే ఉండదు కాబట్టి.

స్టీలు ఎంపిక ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మన సంఘాల్లో ఎంతమంది పిల్లలు ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ చదివి తారాపూర్‌లోనో, మనాలిలోనో, కడలూరులోనో, హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల్లోనో పనిచేస్తున్నారో ఒకసారి లెక్కపెట్టుకోండి. హెల్పర్లు, వెల్డర్లు, ఫిట్టర్లు, షిఫ్ట్ ఆపరేటర్లు. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. రియాక్టరు గోడకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి శాంపిల్ తీసేది వాళ్లు. మ్యాన్‌హోల్‌లోంచి లోపలికి దిగి కడిగేది వాళ్లు. ఆ గోడ ఏ స్టీలుతో చెయ్యాలో తేల్చేవాడు మాత్రం చాలాసార్లు ఆ ఊళ్లోనే ఉండడు. మూడు కొటేషన్లు ముందు పెట్టుకుని తక్కువ రేటు ఎక్కడుందో చూసే పర్చేజ్ ఆఫీసులో ఉంటాడు. నా పేచీ అంతా ఈ ఏర్పాటు మీదే.

ముందు ‘స్టెయిన్‌లెస్’ అన్న పేరు చేసిన మోసం సంగతి చూద్దాం. మరక పడనిది, తుప్పు పట్టనిది అని ఆ పేరే చెబుతోంది కదా అని మనం నమ్మేస్తాం. పెళ్లికి ఇచ్చిన స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించుకున్న జనం మనం. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే అది స్టెయిన్‌లెస్ స్టీలు అవుతుంది. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. తల వెంట్రుకను నిలువునా పదివేల చీలికలు చేస్తే ఒక్క చీలిక ఎంత మందం ఉంటుందో ఆ పొర అంత మందం కూడా ఉండదు. స్టీలును కాపాడేది అదొక్కటే. గీత పడితే, ఆక్సిజన్ అందితే, ఆ పొర మళ్లీ తనంతట తానే అల్లుకుంటుంది. అంతవరకు నిజంగా అద్భుతమే. కానీ ఆ పొరకు ఒక శత్రువు ఉంది. దాని పేరు క్లోరైడ్. మనింటి ఉప్పులో ఉన్నదే. క్లోరైడ్ ఆ పొరను అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క చొప్పున పొడుస్తుంది. పొడిచిన చోట సూదిమొనంత గుంట పడుతుంది. ఆ గుంట పక్కలకు కాక లోపలికి తవ్వుకుంటూ పోతుంది. పైనుంచి చూస్తే గోడంతా తళతళలాడుతూనే ఉంటుంది. మామూలు ఇనుము తుప్పు పడితే ఎర్రగా పెచ్చులూడి ‘నేను పోతున్నాను’ అని అరిచి చెబుతుంది. స్టెయిన్‌లెస్ అలా చెప్పదు. చెప్పకుండా పోతుంది.

ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. ఆవకాయ కలిపి ఎందులో పెట్టేవారు? పింగాణీ జాడీలో. స్టీలు డబ్బా ఇంట్లోకి వచ్చాక కూడా ఊరగాయ జాడీలోనే ఉండిపోయింది. ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి కూర్చునే చోట లోహం పనికిరాదని వాళ్లకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే ముందు కళాయి వేయించేవారు. కెమికల్ ఫ్యాక్టరీలో ఈ జాడీకి పెద్దన్న ఉన్నాడు. గ్లాస్ లైన్డ్ రియాక్టర్, పనివాళ్ల మాటలో జీఎల్‌ఆర్. ఉక్కు పాత్ర లోపల గాజు పూత. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడే పనికి 304 పనికిరాదు, 316 కూడా పనికిరాదు. అక్కడ జీఎల్‌ఆర్ కావాలి, లేదా రబ్బరు పూతో ప్లాస్టిక్ పూతో ఉన్న పాత్ర కావాలి, అదీ కాకపోతే నికెల్ ఎక్కువున్న ఖరీదైన మిశ్రలోహం కావాలి. ఇది తెలియని కెమికల్ ఇంజనీరు ఉండడు. అయినా ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే స్టెయిన్‌లెస్ రియాక్టర్‌లో, ఆ పని జరుగుతుంది. ఎలాగో చెబుతాను.

ఒక కంపెనీ ఒక మందు ముడిసరుకు కోసం 316ఎల్ రియాక్టరు కొంటుంది. ఆ పనికి అది సరైన ఎంపికే. ఏడాది తర్వాత ఆ సరుకుకు ఆర్డర్లు తగ్గుతాయి. వేరే సరుకుకు ఆర్డరు వస్తుంది. కొత్త సరుకు చివరి దశలో హైడ్రోక్లోరైడ్ లవణం చెయ్యాలి. జీఎల్‌ఆర్‌లు అన్నీ బిజీ. ఎస్‌ఎస్‌ఆర్ ఖాళీగా ఉంది. ‘ఈ ఒక్క క్యాంపెయిన్ ఇందులో కానిచ్చేద్దాం, కొంచెమే కదా, చల్లగానే ఉంటుంది కదా’ అని పైనుంచి మాట వస్తుంది. కాగితం మీద చేంజ్ కంట్రోల్ ఫారం ఉంటుంది. అందులో ‘లోహానికి సరిపడుతుందా’ అన్న గడిలో ఎవరో టిక్కు పెడతారు. రెండో క్యాంపెయిన్‌కి ఆ టిక్కే ఆధారం. ‘కిందటిసారి ఏం కాలేదుగా’ అంటారు. కిందటిసారి అయింది. గుంటలు అప్పుడే మొదలయ్యాయి. ఎవరూ లోపలికి దిగి చూడలేదు, అంతే.

రియాక్టరుకు లోహం ఎంచుకోవడం కొనే రోజున ఒక్కసారి జరిగే పని అనుకోవడమే మొదటి తప్పు. అందులో కొత్త ద్రవం పోసిన ప్రతిసారీ, వేడి పది డిగ్రీలు పెంచిన ప్రతిసారీ, జాకెట్‌లోకి కూలింగ్ టవర్ నీళ్లకు బదులు బోరు నీళ్లు తిప్పిన ప్రతిసారీ లోహాన్ని మళ్లీ ఎంచుకుంటున్నట్టే. జాకెట్ సంగతి చాలామంది మర్చిపోతారు. లోపలి ద్రవం మంచిదే అయినా బయట తిరిగే నీళ్లలో క్లోరైడ్ ఉండి, గోడ అరవై డిగ్రీలు దాటి వేడెక్కితే, 304కీ 316కీ సన్నని పగుళ్లు వస్తాయి. వెల్డింగు దగ్గర, వంపుల దగ్గర, లోహంలో బిగింపు ఉన్న ప్రతిచోటా. చెట్టు కొమ్మల్లా చీలికలు చీలికలుగా పాకుతాయి. సముద్రం పక్కన ఉన్న ఎస్టేట్లలో గాలే ఉప్పు మోసుకొస్తుంది. తడిసిన ఇన్సులేషన్ కింద అది పేరుకుంటుంది. పైన అల్యూమినియం రేకు తొడిగి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు.

గ్రేడ్ల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, మన పిల్లలు ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టే పద్ధతిలో కాకుండా. 304లో పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్. 316లో దానికి తోడు రెండు మూడు శాతం మాలిబ్డినం. గుంటలు పడకుండా తట్టుకునే శక్తిని లెక్కకట్టే ఒక సూత్రం ఉంది: క్రోమియం శాతానికి, మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నైట్రోజన్ శాతాన్ని 16తో హెచ్చవేసి కలపాలి. ఆ లెక్కన 304కి పందొమ్మిది దాకా, 316కి ఇరవై నాలుగు దాకా, 2205 అనే డ్యూప్లెక్స్ స్టీలుకు ముప్పై అయిదు దాకా వస్తుంది. పేరు చివర ‘ఎల్’ ఉంటే కార్బన్ 0.03 శాతం మించదని అర్థం. అది ఎందుకంటే, వెల్డింగు వేడికి కార్బన్ పోయి క్రోమియాన్ని పట్టుకుని రేణువుల అంచుల్లో ముద్ద కడుతుంది. అంచుల పక్కన క్రోమియం కరువవుతుంది. ఆ గీత వెంబడి ఆమ్లం తినేస్తుంది. వెల్డింగు పక్కనే రియాక్టరు చీలిపోయిందంటే చాలాసార్లు వెల్డరును తిడతారు. ‘ఎల్’ లేని ప్లేటు తెచ్చిచ్చినవాణ్ణి ఎవరూ తిట్టరు.

ఖరీదైనది కొంటే చాలు అని నేను అనడం లేదు. నైట్రిక్ ఆమ్లానికి 304ఎల్ చక్కగా సరిపోతుంది, అక్కడ మాలిబ్డినం కోసం ఎక్కువ డబ్బు పోయడం దండగ. గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మామూలు ఉష్ణోగ్రతలో మామూలు ఇనుప ట్యాంకుల్లోనే నిలవ చేస్తారు. అదే ఆమ్లంలో నీళ్లు కలిస్తే ఆ ట్యాంకును తినేస్తుంది. కాబట్టి ‘చిన్న పరిశ్రమ, అంత డబ్బు ఎక్కడ తెస్తాం’ అనే వాదన సగం సందర్భాల్లో అబద్ధం. రబ్బరు పూత వేసిన మైల్డ్ స్టీలు ట్యాంకు, పాలీప్రొపిలీన్ పాత్ర చాలా పనులకు 316 కంటే చవక, 316 కంటే మేలు. తక్కువ పడేది డబ్బు కాదు, అడిగే ఓపిక. మిగతా సగం సందర్భాల్లో నిజంగానే డబ్బు కావాలి. అంత డబ్బు లేనివాడు ఆ సరుకు తయారుచెయ్యకూడదు. బ్రేకులు కొనే స్తోమత లేదు కాబట్టి బ్రేకుల్లేని బస్సు నడుపుతానంటే ఎక్కుతామా?

ఇక బజారు సంగతి. మాలిబ్డినం, నికెల్ ఖరీదైన లోహాలు. నికెల్ తగ్గించి మాంగనీసు వేసి చేసేది 200 సిరీస్ స్టీలు. మన దేశంలో దీని వాడకం చాలా ఎక్కువ. వంటింటి సామానుకు పర్వాలేదేమో గానీ రసాయనాల దగ్గర దాని ఓర్పు తక్కువ. అయస్కాంతం అతుక్కోకపోతే మంచి స్టీలు అని మనకో నమ్మకం ఉంది. 200 సిరీస్‌కీ అయస్కాంతం అతుక్కోదు. మరోవైపు అసలైన 304ను వంచిన చోట కాస్త అతుక్కుంటుంది. ఆ పరీక్షతో దొంగ తప్పించుకుంటాడు, దొర పట్టుబడతాడు. ఎక్స్‌రే గన్ పెట్టి చూస్తే క్రోమియం, నికెల్, మాలిబ్డినం ఎంతెంతో క్షణాల్లో తెలుస్తుంది. ఆ గన్ కూడా కార్బన్‌ను చూడలేదు, అంటే 316కీ 316ఎల్‌కీ తేడా చెప్పలేదు. దానికి వేరే పరీక్ష కావాలి. ఇన్ని తిప్పలు ఎందుకని మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ మీద ఆధారపడతారు. ప్లేటు మీద గుద్దిన హీట్ నంబరూ సర్టిఫికెట్‌లో నంబరూ ఒకటైతే సరే అంటారు. నేను ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఇన్‌స్పెక్షన్ పని చేసిన రోజుల్లో ఒక షాపులో సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని అందులో నంబరు చూస్తూ ప్లేటు మీద అప్పటికప్పుడు గుద్దుతున్న కుర్రాణ్ణి చూశాను. అడిగితే, ‘ప్లేటు కోసినప్పుడు పాత నంబరు పోయింది సార్, మళ్లీ వేస్తున్నాం’ అన్నాడు. కోసే ముందే, ఇన్‌స్పెక్టర్ కళ్ల ముందు నంబరు మార్చాలన్నది నియమం. ఆ ప్లేటు వాపసు వెళ్లింది. వాపసు వెళ్లిన ప్లేటు తర్వాత ఎవరి రియాక్టరైందో నాకు తెలియదు. తప్పుడు త్రాసు దేవునికి అసహ్యం అని మన గ్రంథం నేర్పింది కూరగాయల బజారు గురించే అనుకుంటున్నామా?

పాతవి రెండు కథలు చెబుతాను. ఒకటి ఇంగ్లాండుది, ఒకటి మనది.

1974లో ఫ్లిక్స్‌బరో అనే ఊళ్లో నైలాన్ ముడిసరుకు తయారుచేసే ప్లాంటులో ఆరు రియాక్టర్లు వరసగా ఉండేవి. సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవం, 155 డిగ్రీల వేడి. రియాక్టరు గోడ అంగుళంలో సగం మందమున్న మైల్డ్ స్టీలు, లోపలివైపు ఎనిమిదో వంతు అంగుళం స్టెయిన్‌లెస్ పూత. లోపలి ద్రవానికి లోపలి పూత సరైనదే, ఎంపికలో పొరపాటు లేదు. ఎక్కడో చిన్న లీకు ఉంటే దాని మీద చల్లదనానికి కూలింగ్ నీళ్లు పోస్తూ వచ్చారు. ఆ నీళ్లలో నైట్రేట్లు ఉన్నాయి. నైట్రేట్లు బయటి మైల్డ్ స్టీలును పగలగొట్టాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. మార్చి నెలాఖరులో అయిదో రియాక్టరుకు దాదాపు ఆరడుగుల పగులు కనబడింది. దాన్ని తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య ఇరవై అంగుళాల తాత్కాలిక పైపు బిగించారు. ఆ పైపు డిజైను వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీశారు. పగులు ఎందుకొచ్చిందో తేలకముందే ప్లాంటు మళ్లీ నడిపారు. జూన్ 1 సాయంత్రం ఆ పైపు తెగింది. 28 మంది చనిపోయారు, వాళ్లలో 18 మంది కంట్రోల్ రూములో ఉన్నవాళ్లే. అది శనివారం. మామూలు పనిదినమైతే ఆఫీసుల నిండా మనుషులుండేవారు.

చాలామంది ఈ కథను పైపు డిజైను కథగా చెబుతారు. పైపు ఎందుకు అవసరమైంది? లోహం పగిలింది కాబట్టి. లోహం ఎందుకు పగిలింది? దాని మీద ఏ నీళ్లు పోస్తున్నామని ఎవరూ అడగలేదు కాబట్టి.

ఇప్పుడు భోపాల్. 1984 డిసెంబర్ 2 రాత్రి గురించి మన యువతకు తెలిసిందల్లా గ్యాస్ లీకైందని, వేలమంది చనిపోయారని. లోహం కోణం నుంచి ఆ రాత్రిని చూడమంటున్నాను. మిథైల్ ఐసోసయనేట్ నిలవ చేసిన 610 నంబరు ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలుదే. ఆ ద్రవానికి స్టెయిన్‌లెస్ వాడాలని, ఇనుము తగలకూడదని యూనియన్ కార్బైడ్ సొంత మార్గదర్శకాలే చెప్పాయి. ట్యాంకు వరకు ఆ మాట పాటించారు. ట్యాంకుకు కలిసే వెంట్ పైపుల్లో మాత్రం కార్బన్ స్టీలు వాడారు. ట్యాంకులోని సరుకులో క్లోరోఫాం అర శాతం మించకూడదు. ఆ రోజు అందులో ఉన్నది దానికి ఎన్నో రెట్లు. సరుకును చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్‌ను ఆ ఏడాది జూన్‌లోనే ఆపేశారు. అలాంటి ట్యాంకులోకి నీళ్లు వెళ్లాయి. వేడి పుట్టింది. ఆ వేడికి క్లోరోఫాం నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టింది. స్టెయిన్‌లెస్‌కు సరిపడనిదని పైన చెప్పుకున్న ఆమ్లం అదే. ఆమ్లం ట్యాంకు గోడను తిన్నది. గోడ నుంచి ఊడిన ఇనుము ద్రవంలో కలిసి ఆ చర్యను ఇంకా ఎగదోసింది. తర్వాత ట్యాంకు అడుగున మిగిలిన గడ్డను పరీక్షిస్తే అందులో ఇనుము, క్రోమియం, నికెల్ ఇంచుమించు స్టెయిన్‌లెస్ స్టీలులో ఉండే పాళ్లలోనే దొరికాయి. అంటే కాపలా కాయాల్సిన గోడే కరిగి మంటలో ఆజ్యమైంది.

బయటికొచ్చే గ్యాసును కాల్చెయ్యడానికి ఫ్లేర్ టవర్ ఉంది. ఆ రాత్రి అది పనిచెయ్యలేదు. ఎందుకు? దానికి వెళ్లే పైపు ముక్క తుప్పు పట్టిపోతే తీసేశారు, కొత్తది ఇంకా బిగించలేదు. ఒక పైపు ముక్క! ఫ్యాక్టరీ గేటు ఎదురుగా జయప్రకాశ్ నగర్ బస్తీ. అక్కడ పడుకున్నవాళ్లలో ఎవరికీ ఆ పైపు ముక్క సంగతి తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

ప్రభుత్వం నియమించిన శాస్త్రవేత్తల బృందం, డాక్టర్ వరదరాజన్ నాయకత్వంలో, 1985లో ఇచ్చిన నివేదికలో డిజైనునూ లోహాల ఎంపికనూ కొలిచే పరికరాలనూ తప్పుపట్టింది. కంపెనీ మాత్రం ఎవరో ఒక కార్మికుడు కావాలనే నీళ్లు ఎక్కించాడని వాదించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక మనిషి ఒక గొట్టం తగిలిస్తే ఊరంతా చచ్చిపోయేలా ఉన్న ట్యాంకును ఊరి మధ్య పెట్టడం నేరం కాదు, ఆ గొట్టం తగిలించడమే నేరం అన్నమాట! మధ్యప్రదేశ్ ప్రభుత్వం లెక్కలో చనిపోయినవాళ్లు 3,787. బాధితుల సంఘాలు చెప్పేది దానికి ఎన్నో రెట్లు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ. 2010లో భోపాల్ కోర్టు ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష వేసింది, వెంటనే బెయిలు కూడా వచ్చింది.

‘దేవుని చిత్తం’ అనేవాళ్లకు ఒక మాట. ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి ఓదార్పు కూడికలో ఈ మాట అనేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతా ఊరివాళ్లకంటే పాపులా అని యేసు అడిగాడు, కాదని తానే చెప్పాడు. చచ్చినవాళ్ల మీద తప్పు మోపే దారిని అక్కడే మూసేశాడు. మరి గోపురం కట్టినవాడి సంగతి? దానికి ధర్మశాస్త్రం ఇంకా ముందే జవాబు చెప్పింది. కొత్త ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, కట్టకుండా ఎవరైనా పడి చస్తే ఆ రక్తం ఇంటివాడి మీద ఉంటుంది (ద్వితీయోపదేశకాండం 22:8). పొడిచే ఎద్దు అని ముందే చెప్పినా కట్టెయ్యని యజమానికి, తెలియని యజమానికి పడే శిక్ష పడదు, అంతకంటే పెద్దది పడుతుంది (నిర్గమకాండం 21:29). రేడియోగ్రఫీ రిపోర్టు, మందం కొలిచిన రిపోర్టు యజమాని బల్ల మీద ఉన్నాయంటే ఎద్దు సంగతి అతనికి ముందే చెప్పినట్టే. మన సుప్రీంకోర్టు కూడా 1986 డిసెంబరులో, ఢిల్లీలో ఓలియం గ్యాసు లీకైన కేసులో, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి ఏ సాకూ చెల్లదని, బాధ్యత పూర్తిగా అతనిదేనని తీర్పు చెప్పింది. తీర్పు ఉంది. దాన్ని పట్టుకుని అడిగేవాళ్లే తక్కువ.

ఉద్యోగాలు పోతాయన్న భయం నాకూ తెలుసు. అప్పు చేసి చదివించిన కొడుకు మూడో నెల జీతం పంపుతుంటే, వాడు సూపర్‌వైజర్‌ను ప్రశ్నలు అడగాలని ఏ తల్లి కోరుకుంటుంది? అందుకే ఈ పని ఒక్కడి నెత్తిన పెట్టకూడదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక అధ్యాయం చేర్చారు. ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పాలి. కార్మికులూ యాజమాన్యమూ కలిసి సేఫ్టీ కమిటీలో కూర్చోవాలి. ప్రాణాపాయం ఉందని అనుమానం వస్తే కార్మికుడు పైవాళ్లకూ ఇన్‌స్పెక్టరుకూ చెప్పొచ్చు. 2020 నాటి కొత్త కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. మన యూత్ మీటింగుల్లో కెరీర్ గైడెన్స్ అని గంటలు గంటలు చెబుతాం కదా, అందులో పావుగంట ఈ చట్టానికి ఇవ్వలేమా? ఫ్యాక్టరీ యజమాని గుడికి ఫ్యాన్లు ఇచ్చాడు, మైకు సెట్టు ఇచ్చాడు అని వేదిక మీద శాలువా కప్పే ముందు, మీ రియాక్టర్ల మందం కొలిచిన రిపోర్టు మా పిల్లలకు చూపిస్తారా అని కాపరిగారు ఒక్కసారి అడగలేరా?

ఇంజనీర్లుగా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీకు చెప్పేది వేరు. ఆ సంతకం మీది. ‘304 వేసి కోట్ పెట్టండి, కస్టమర్‌కి తెలియదు’ అన్న మాట ఒక మీటింగులో వినబడిన రోజున, మినిట్స్‌లో మీ అభ్యంతరం రాయించండి. ఈమెయిలు పెట్టండి. కాపీ దాచుకోండి. ఆ కాగితం ఒక్కటే మీ ఉద్యోగాన్ని కాపాడకపోవచ్చు. కోర్టులో మాత్రం అది మాట్లాడుతుంది. క్లోరైడ్ ఎంత, వేడి ఎంత, వెల్డింగు తర్వాత పిక్లింగ్, పాసివేషన్ చేశారా, హైడ్రోటెస్ట్‌కు ఏ నీళ్లు వాడారు, టెస్ట్ అయ్యాక ఆరబెట్టారా లేక నీళ్లు అలాగే వదిలేశారా అన్నవి మీరు అడగకపోతే అడగగలిగినవాళ్లు ఆ ప్లాంటులో ఇంకెవరూ లేరు.

హెల్పర్లకు, ఆపరేటర్లకు ఇంత చదువు అక్కర్లేదు. రియాక్టరుకు నేమ్ ప్లేటు ఉండాలి. తయారైన ఏడాది, డిజైన్ ప్రెషర్, డిజైన్ టెంపరేచర్, ఏ లోహం అన్నది దాని మీద చూడండి, ఫోన్లో రాసుకోండి. ప్రెషర్ వెస్సెల్‌ను పరీక్షించిన కాంపిటెంట్ పర్సన్ సర్టిఫికెట్ ఏ తేదీదో సేఫ్టీ ఆఫీసర్‌ను అడగండి. ఇప్పుడు అందులో పోస్తున్న సరుకు, కొన్నప్పుడు పోసిన సరుకు ఒకటేనా అని పాత ఆపరేటర్లను టీ దగ్గర అడగండి, వాళ్లకు గుర్తుంటుంది. వెల్డింగు పక్కన, నాజిల్ చుట్టూ, ఇన్సులేషన్ కింద నుంచి తెల్లగా ఉప్పులా, గోధుమరంగులో చారలా ఏదైనా కారుతుంటే తేదీతో సహా లాగ్‌బుక్‌లో రాయండి. నేమ్ ప్లేటు మీద పెయింటు వేసేసి ఉంటే, లేదా ప్లేటే లేకపోతే, అది సెకండ్‌హ్యాండ్ రియాక్టరు కావచ్చు. ఎక్కడి నుంచి కొన్నారో, అంతకుముందు అందులో ఏం కాచారో సేఫ్టీ కమిటీలో మీ ప్రతినిధి చేత రాతపూర్వకంగా అడిగించండి.